పిల్లి మిగిల్చిన మందు

“మీ చేత్తో మీరే చంపుకున్నారని ఇన్‌స్పెక్టరు రాశాడు. సాయంత్రం ఆరింటికి ఆ రిపోర్టు పై ఆఫీసుకి వెళ్లిపోతుంది. ఇప్పుడు మూడూ నలభై. ఏడుపు తర్వాత ఏడుద్దురుగాని, ముందు నేనడిగినవి చెప్పండి,” అంది బూతద్దం మేడమ్.

టైలరమ్మ కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాలుగు రోజులుగా ఆ మిషను తిరగలేదు. కత్తిరించి పెట్టిన స్కూలు యూనిఫారాలు గోడవారన గుట్టగా పడున్నాయి.

చనిపోయింది మనిషి కాదు, కుక్క. పదకొండేళ్లది, చక్కెర జబ్బుది, ఒళ్లు చూసి బండోడని పిలిచేవాళ్లు. కుక్క కోసం డిటెక్టివ్ ఏమిటని నవ్వినవాళ్లు వీధిలో నలుగురైనా ఉన్నారు. వాళ్లకి బూతద్దం మేడమ్ జవాబు చెప్పలేదు. అలాంటివాళ్లకి జవాబు చెప్పే ఓపిక ఆమెకి ఉద్యోగంలో ఉన్నప్పుడే లేదు.

ఆ ఉద్యోగం మందుల తనిఖీ శాఖలో. ముప్పై ఏళ్లు చేసింది. సీసా మీద చీటీని బూతద్దం పెట్టి చదివే అలవాటు వల్ల ఆ పేరొచ్చింది. ముట్టుకోకూడని ఒక పెద్ద కంపెనీ గోడౌన్ ముట్టుకుందని ఆమెని మూలగదిలో కూర్చోబెడితే, రాజీనామా వాళ్ల మొహాన కొట్టి బయటికొచ్చింది. ఆమె కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. రిపోర్టు రాసిన ఇన్‌స్పెక్టరు అతనే.

“ఆ రోజు పొద్దున ఏం జరిగిందో టైముతో సహా చెప్పండి.”

“ఏడింటికి తిండి పెట్టాను. గిన్నె నాకేశాడు. ఏడూ పదికి సూది వేశాను. ఎనిమిది గీతలు. రెండేళ్లుగా అంతే మేడమ్, ఒక గీత ఎక్కువా లేదు, తక్కువా లేదు.”

“సిరంజి?”

“ఎర్ర మూతది. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది, కుక్క మందుకి ఎర్ర మూత సిరంజే వాడాలని.”

“తర్వాత?”

“తొమ్మిదిన్నరకి కాళ్లు తడబడ్డాయి. బయటికి తీసుకెళ్లలేదని అలిగాడనుకున్నా.” ఆమె మళ్లీ కొంగు అందుకుంది. “అలిగాడనే అనుకున్నా మేడమ్. పదింపావుకి మూర్ఛ వచ్చింది. పదకొండుకి ఆసుపత్రిలో ఉన్నాం. పదకొండూ ఇరవైకి అయిపోయింది.”

బూతద్దం మేడమ్ తలూపింది. ఆసుపత్రి కాగితం ముందే చూసింది. కుక్క రక్తంలో చక్కెర ఇరవై నాలుగు. బతికున్న ప్రాణికి ఉండాల్సిన అంకె కాదది. లెక్క కూడా ఆమెకి అర్థమైంది. జంతువుల ఇన్సులిన్ పలచన, ఒక మిల్లీలీటరులో నలభై యూనిట్లు. ఈ ఊరి షాపుల్లో దొరికే మనుషుల ఇన్సులిన్‌లో అంతే నీటికి నూరు. ఎర్ర మూత సిరంజిలోకి మనుషుల మందు లాగితే ఎనిమిది గీతలంటే ఎనిమిది యూనిట్లు కాదు, ఇరవై. రెండున్నర రెట్లు.

ఇంట్లో చక్కెర జబ్బున్న మొగుడున్నాడు, ఫ్రిజ్‌లో అతని ఇన్సులిన్ ఉంది. ఇంకేం, ఇన్‌స్పెక్టరు పని తేలికైపోయింది. ‘యజమానురాలు భర్త మందును పొరపాటున కుక్కకు ఎక్కించినది’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు.

“మీ ఆయన మందు చూపించండి.”

లోపలి గదిలోంచి ముసలాయనే తెచ్చాడు. అది సీసా కాదు. లావు కలంలా ఉండే పరికరం, అడుగున అంకె తిప్పి ఒంట్లో గుచ్చుకునేది. అతను దాన్ని ఆమె చేతిలో పెట్టి అక్కడే నిలబడ్డాడు.

“రోజూ ఏడింటికి నేనూ వాడూ కలిసే పొడిపించుకునేవాళ్లం,” అన్నాడు. “నేను అరిచేవాణ్ణి. వాడు అరిచేవాడు కాదు. నన్ను చూసి జాలిపడేవాడు వెధవ.” తర్వాత లోపలికి వెళ్లిపోయాడు.

బూతద్దం మేడమ్ ఆ కలాన్ని అటూ ఇటూ తిప్పింది. దీంట్లోంచి సిరంజితో మందు లాగొచ్చు, పంతం పట్టి కూర్చుంటే. పొరపాటున మాత్రం లాగలేరు. ఫ్రిజ్ తలుపు తీసి ఉంటే ఆ ఇన్‌స్పెక్టరుకి ఇది కనిపించేది. తీయలేదంటే తీయదలచుకోలేదన్నమాట.

“కుక్క మందు సీసా ఏది? వాళ్లు పట్టుకెళ్లలేదా?”

“లేదు. ఫోటో తీసుకుని వెళ్లిపోయారు.”

ప్రాణం తీసిన మందుని శాంపిల్ కూడా తీయకుండా వదిలేశాడా? ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. శాంపిల్ ఎలా తీయాలో అతనికి నేర్పింది తనే. సీసా తెప్పించి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. చీటీ జంతువుల ఇన్సులిన్‌దే, సందేహం లేదు. సీసా అడుగున గోరుతో గీకేసిన గుండ్రటి చీటీ తాలూకు జిగురు ఉంది.

“ఎక్కడ కొన్నారు?”

“బస్టాపు దగ్గర మందుల షాపులో.”

“డాక్టరు చీటీ చూపించారా? అడిగాడా?”

“ఆ... చూపించాను.”

“కొత్త సీసాకి రబ్బరు మీద ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. ఊడదీస్తేగాని సూది దిగదు. మీరే ఊడదీశారా?”

“నేనే.”

“ఏ రంగు?”

టైలరమ్మ నీళ్లు నమిలింది. “నీలం... కాదు, పచ్చ అనుకుంటా.”

“ముప్పై ఏళ్లుగా గుడ్డ రంగుకి దారం రంగు కలుపుతున్న మనిషివి. నాలుగు రోజుల కిందట నీ చేత్తో తీసిన టోపీ రంగు గుర్తులేదా అమ్మా?” ఆమె గొంతు మెత్తబడలేదు. “నన్ను నిజం తెమ్మని పిలిచి నాకే అబద్ధం చెప్తే ఎలా?”

టైలరమ్మ రెండు చేతులూ మిషను మీద పెట్టుకుని తలదించుకుంది. అలాగే చెప్పింది. జంతువుల ఇన్సులిన్ రెండు నెలలుగా ఏ షాపులోనూ దొరకడం లేదు. ముందురోజు సాయంత్రం డాక్టరమ్మే సీసా ఇచ్చింది, ఊరికే. అది అప్పటికే మూత తీసిన సీసా. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని కుక్క చచ్చిపోయాక ఫోను చేసి బతిమాలితే, సీసా అడుగున చీటీ టైలరమ్మే గీకేసింది.

“దేవతలాంటి మనిషి మేడమ్. బండోణ్ణి రెండేళ్లు లాక్కొచ్చింది ఆవిడే. ఆవిడ పొట్ట కొట్టలేక చెప్పలేదు. కానీ నాకు తెలియాలి. నేను పొరపాటు చేశానా, లేదా? చేశానంటే చేశానని చెప్పండి. రెండిట్లో ఏదో తెలియకుండా ఆ గిన్నె కడిగి లోపల పెట్టలేకపోతున్నాను.”

గిన్నె ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.

జంతువుల ఆసుపత్రి రెండు వీధుల అవతల. బూతద్దం మేడమ్ సీసాని తడిగుడ్డలో చుట్టుకుని అక్కడికి చేరేసరికి నాలుగూ ముప్పై అయిదు. డాక్టరమ్మ ముప్పై దాటని పిల్ల, కళ్లకింద నల్లటి చారలు. బల్ల మీద కుందేలుకి గోళ్లు కత్తిరిస్తూ, వచ్చిందెవరో తెలియగానే కత్తెర పక్కన పెట్టేసింది.

గది చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. తెల్ల గోడ, తూకం, ఫ్రిజ్. ఫ్రిజ్ పక్కన గోడకి మూడు అరల చెక్క బీరువా, పైన చేత్తో రాసిన అక్షరాలు: దయ అర. అరలు ఖాళీ. దుమ్ములో మాత్రం గుండ్రటి మచ్చలు, నలుచదరపు మచ్చలు బోలెడు. పొద్దుటిదాకా అక్కడ సీసాలూ డబ్బాలూ ఉన్నాయి.

“ఎప్పుడు ఖాళీ చేశారు?”

“ఏంటి మేడమ్?”

“డాక్టరమ్మా, దుమ్ముకి అబద్ధం చెప్పడం రాదు. టైలరమ్మకి కూడా సరిగ్గా రాదు. నువ్వూ ప్రయత్నించకు.”

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. దాచాలని ఎంత ఉన్నా దాచలేని మొహం అది. పెంపుడు జంతువు చనిపోయాక మిగిలిపోయిన మందుల్ని పారేయలేక యజమానులు ఆసుపత్రికి తెచ్చిచ్చేవారు. ఏడుస్తూ తెచ్చేవారు, ఇంకో ప్రాణికి పనికొస్తే చాలు అనేవారు. వాటిని దయ అరలో పెట్టి, ఒక్కోదాని అడుగున పసుపు చీటీ అంటించి, అవసరమైనవాళ్లకి ఇచ్చేది. ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు అన్నది నోటుపుస్తకంలో రాసుకునేది. చట్టం ఒప్పుకోదని తెలుసు. మంచిపనే కదా అనుకుంది. ఈ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చి, గుట్టు బయటికి రాకుండా అర ఖాళీ చేయించి అన్నీ పట్టుకెళ్లాడు.

“మంచిపనే,” అంది బూతద్దం మేడమ్ చేదుగా. “షాపులో టోపీ ఊడిన సీసా ఇస్తే ఏ డాక్టరైనా మొహాన కొడుతుంది. నీ అరలో ఉన్నవన్నీ టోపీ ఊడినవే, ఎవరో వాడి మిగిల్చినవే. అందుకని నీకు అనుమానం రాదు. విషం అమ్మేవాడికి ఇంతకంటే అనువైన చోటు ఈ ఊళ్లో ఇంకోటి లేదు.”

“విషమా? ఇన్‌స్పెక్టరు గారు మందు మంచిదేనన్నారు. టైలరమ్మ గారే ఇంట్లో ఏదో కలగాపులగం చేశారన్నారు.”

“నువ్వు నమ్మావా?”

“నమ్మితే నాకు నిద్ర పడుతుంది మేడమ్,” అంది ఆ పిల్ల.

అంత నిజం అంత తేలిగ్గా చెప్పేసరికి బూతద్దం మేడమ్ ఆ పిల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నోటుపుస్తకం చేతిలోకి తీసుకుంది. మూడు వారాల కిందటి పేజీలో ఉంది: ‘పోస్టుమాస్టరు గారు. పిల్లి మరణం. ఇన్సులిన్ సీసాలు రెండు. ఒకటి మూడు మోతాదులు వాడినది, రెండోది టోపీ ఊడినది, కానీ వాడనిది.’ దాని కింద వేరే సిరాతో: ‘టైలరమ్మ గారికి వాడిన సీసా ఇచ్చాను.’

“ఈ పోస్టుమాస్టరుకి ఎక్కడివి? షాపుల్లో లేవుగా.”

“ఫోనులో మెసేజీ పెడితే ఎవరో ఇంటికి తెచ్చిచ్చారట. చీటీ అడగలేదట, బిల్లు ఇవ్వలేదట. పిల్లికి పద్నాలుగేళ్లు, వయసైపోయి పోయిందనుకున్నారు పాపం.”

“మూడు మోతాదులకే వయసైపోయిందా?”

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. గోడ గడియారం అయిదూ పది.

ఇన్‌స్పెక్టరు లోపలికొస్తూనే ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, మొహాన చిరునవ్వు. “ఓహో, మేడమ్ గారు! రిటైరయ్యాక కుక్కల కేసులు పట్టారని విన్నాను. నిజమే అన్నమాట.”

“రిటైరవలేదు, రాజీనామా చేశాను. తేడా నీకు ఇప్పట్లో అర్థం కాదులే. ఫ్రిజ్ ఎందుకు తెరవలేదు?”

“ఏ ఫ్రిజ్?”

“టైలరమ్మ ఫ్రిజ్. ఆవిడ మొగుడు వాడేది కలం. దాంట్లోంచి పొరపాటున సిరంజి నింపడం ఎలాగో నాక్కూడా కాస్త నేర్పు.”

అతను నవ్వు తగ్గించలేదు. “ముసలివాళ్లు ఏమైనా చేస్తారు మేడమ్. కుక్క చచ్చింది, బాధాకరం. దానికి ఒక కారణం కావాలి, రాశాను. ఎవరూ జైలుకెళ్లరు, ఎవరి లైసెన్సూ పోదు. మీ రోజుల్లోలాగా ప్రతిదానికీ ఊరంతా తగలబెట్టుకోవాలా?”

“ఊరు తగలబెట్టమనలేదు. శాంపిల్ తీయమన్నాను. తీస్తే సీసా అడుగున పసుపు చీటీ సంగతి రాయాలి. రాస్తే ఈ అర బయటపడుతుంది. అర బయటపడితే, నువ్వు దాన్ని ఎవరికీ చెప్పకుండా ఖాళీ చేయించిన సంగతీ బయటపడుతుంది. ఒక ఆడమనిషి జన్మంతా కుమిలిపోతే నీకేం పోయింది?”

“మర్యాదగా మాట్లాడండి.”

“మర్యాద ఇస్తున్నా కాబట్టే ఇది నీకు ముందు చూపిస్తున్నాను. రా.”

ఆమె తడిగుడ్డ విప్పి సీసాని దీపం కింద పెట్టింది. రబ్బరు మూత మీద బూతద్దం ఆనించింది. అతను రానని మొరాయించి, చివరికి వంగి చూశాడు. పని నేర్పిన మనిషి పిలిస్తే వంగే అలవాటు ఒంట్లో ఇంకా మిగిలుంది కాబోలు.

“ఇన్సులిన్ సూది వెంట్రుకంత సన్నం. గుచ్చిన చోట చుక్క మాత్రమే ఉంటుంది. లెక్కపెట్టు.”

“నాలుగు.”

“పిల్లికి మూడు, కుక్కకి ఒకటి. పుస్తకంతో సరిపోయింది. మరి పక్కన ఆ రెండూ ఏంటి?”

నాలుగు చుక్కల పక్కన రెండు పెద్ద రంధ్రాలున్నాయి. లావు సూది గుచ్చిన చోట రబ్బరు తుంపు ఊడి, గుంట పడింది.

“ఒకటి గాలి పోవడానికి, ఒకటి మందు పోయడానికి,” అంది బూతద్దం మేడమ్. “పాత సీసాలు ఏరుకొచ్చి, మనుషుల మందు నింపి, జంతువుల మందు దొరకని ఊళ్లో ఎవడో అమ్ముతున్నాడు. టైలరమ్మ చెయ్యి సరిగ్గానే ఉంది. గీతలు సరిగ్గానే ఉన్నాయి. సీసా సరిగ్గా లేదు. ఈ ముక్క నీ రిపోర్టులో రాయి. రాయకపోతే నేను రాస్తాను, నీ పేరుతో సహా.”

గెలిచినందుకు ఆమెకి సంతోషం కలగలేదు. ఈ ముక్క నాలుగు రోజుల ముందే ఇతను చూసి ఉండాల్సింది. చూడటం చేతకాకపోతే జాలిపడేది. చేతనయీ చూడలేదు, అదే ఆమెకి ఒళ్లు మండించింది.

ఇన్‌స్పెక్టరు నిటారుగా నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఓడిపోయినందుకే అనుకుంది ఆమె. అతని ఫైలు లాక్కుని, మధ్యాహ్నం అరలోంచి తీసుకెళ్లిన మందుల జాబితా బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ సంతకం కోసం అతను తెచ్చింది అదే. గుండెజబ్బు మాత్రలు, చెవి చుక్కలు, మూర్ఛ మాత్రలు, చర్మం మందు. వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

“పోస్టుమాస్టరు ఇచ్చింది రెండు సీసాలు. ఒకటి ఇదిగో. రెండోది ఈ జాబితాలో లేదేం?”

కుందేలు బల్ల మీద కదిలింది.

“డాక్టరమ్మా?”

ఆ పిల్ల ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. చూసి కళ్లు దించుకుంది. “జాబితా రాసేటప్పుడు సారు దాన్ని పక్కన పెట్టమన్నారు. వాళ్ల పాప పిల్లికి కూడా చక్కెర జబ్బేనట. మందు అయిపోయి రెండు రోజులైందట. పిల్లికి ఇది సరిపోతుందా అని అడిగారు. సరిపోతుందన్నాను. మందు మంచిదేనని ఆయనే అన్నారు కదా మేడమ్... ఆయన తనిఖీ అధికారి కదా...”

బూతద్దం మేడమ్ జాబితా వదిలేసి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. తన అబద్ధాన్ని తనే నమ్మాడు ఈ మనిషి! మందు మంచిదని కాగితం మీద రాసి, రాసిన చేత్తోనే రెండో సీసా జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లాడు.

“సీసా ఎక్కడుంది?”

“ఇంట్లో,” అన్నాడు. “మధ్యాహ్నమే ఇచ్చాను. పాపకి పన్నెండేళ్లు. తనే వేస్తుంది, వేరే ఎవర్నీ ముట్టుకోనివ్వదు.”

“ఎన్నింటికి?”

అతను గోడ గడియారం వైపు తిరిగాడు. అయిదూ ముప్పై నాలుగు. “అయిదున్నరకి,” అన్నాడు. జేబులోంచి ఫోను తీస్తుంటే జారి కింద పడింది. వంగి తీసుకునేలోపే అది మోగింది. తెర మీద పాప ఫోటో.

బూతద్దం మేడమే ఫోను తీసి మాట అందరికీ వినిపించే మీట నొక్కింది.

“నాన్నా! వేసేశాను,” అంది ఒక చిన్న గొంతు, సంతోషం పట్టలేక. “ముందు సగం గిన్నె తినిపించి, సరిగ్గా రెండు గీతలు లాగి, బుడగల్లేకుండా చూసి వేశాను. అస్సలు కదల్లేదు తెలుసా? నా చెయ్యి కూడా వణకలేదు. నువ్వు తెచ్చిన మందు మంచిది నాన్నా.”

రెండు గీతలు. అంటే అయిదు యూనిట్లు, మూడు కిలోల పిల్లికి.

“పాపా, నేను నాన్న వాళ్ల ఆఫీసులో పనిచేసిన అమ్మమ్మని,” అంది బూతద్దం మేడమ్, ముప్పై ఏళ్లలో ఎవరితోనూ మాట్లాడనంత నెమ్మదిగా. “పిల్లి ఎలా ఉంది ఇప్పుడు?”

“ఒళ్లో పడుకుంది. ఏం?”

“మంచిది. ఇంట్లో తేనె ఉందా? లేకపోతే పంచదార నీళ్లలో కలుపు. మిగిలిన సగం గిన్నె కూడా ఇప్పుడే తినిపించు. తూలినా, వణికినా వేలితో తేనె దాని చిగుళ్లకి రాయి. గొంతులో పోయకు. ఆ సీసాని మళ్లీ ముట్టుకోకు. పది నిమిషాల్లో డాక్టరమ్మ కారులో మీ ఇంటికొస్తుంది, పిల్లిని తీసుకుని గుమ్మం దగ్గర ఉండు. ఇంకా టైముంది, భయపడకు.”

డాక్టరమ్మ అప్పటికే చక్కెర ద్రావణం సీసాలు సంచిలో వేసుకుని తాళాలు తీసుకుంది. వీధి తలుపు దభాలున మూసుకుంది.

పాప ఇంకా ఫోనులోనే ఉంది. సంతోషం పోయింది ఆ గొంతులోంచి.

“ఎందుకమ్మమ్మా? నేను అన్నీ సరిగ్గానే చేశానుగా?”

“నువ్వు అన్నీ సరిగ్గానే చేశావు. అది మర్చిపోకు. మిగతాది మీ నాన్న చెప్తారు.”

ఆమె ఫోనుని ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసింది. అతను దాన్ని నోటి దగ్గరకి తెచ్చుకున్నాడు. రిపోర్టులో ఒక ఆడమనిషి మీద ఒక్క ముక్కలో తప్పు మోపేసిన మనిషికి ఇప్పుడు ఒక్క ముక్క దొరకడం లేదు.

“నాన్నా? పిల్లి ఏంటోలా చూస్తోంది... నాన్నా, ఉన్నావా?”